నాన్నగారి నాణేలు: కడగవద్దు, ముందు రాసుకోండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మలక్‌పేటలోని మీ ఫ్లాట్‌లో నాన్నగారు వదిలివెళ్ళిన నాణేలు కొన్ని వందలు ఉన్నాయి. కొన్ని మిఠాయి డబ్బాలో, కొన్ని గుడ్డ మూటల్లో, మిగిలినవి ప్లాస్టిక్ అరలున్న ఆల్బంలో ఉన్నాయి. ఆల్బంలోని రాగి నాణేలకు ఆకుపచ్చ జిగురు పట్టింది. అమ్మగారు చింతపండుతో తోమేద్దామంటున్నారు. వాటిని ఎలా శుభ్రం చేయాలి, ఇంట్లో ఎక్కడ దాచాలి, ఒక్కొక్కదానికి చీటీ ఎలా రాయాలి అన్నది మీ ప్రశ్న. అమెరికాలో ఉన్న తమ్ముడు తన వాటా పట్టుకెళ్తానంటున్నారని కూడా రాశారు. ఆ సంగతి చివర చెబుతాను.

చింతపండు వద్దు. అమ్మగారికి ఎలాగైనా నచ్చజెప్పండి. చింతపండు, నిమ్మకాయ, విభూతి, పళ్ళపొడి, ఇత్తడి సామాను తోమే పొడి ఇవన్నీ పూజ గదిలో పాత్రలకు పనికివస్తాయి, నాణేలకు కాదు. పులుపులోని ఆమ్లం చిలుమును మాత్రమే తీసి ఊరుకోదు, దాని కింద ఉన్న లోహపు పైపొరను కూడా కరిగిస్తుంది. పొడి పెట్టి రుద్దితే అక్షరాల అంచులు అరిగిపోయి, సన్నని గీతలు శాశ్వతంగా మిగిలిపోతాయి. తోమిన రోజున నాణెం గులాబీ రంగులో తళతళలాడుతుంది. కొన్నాళ్ళకే మచ్చలు మచ్చలుగా నల్లబడుతుంది. ఎనభై, తొంభై ఏళ్ళలో మెల్లగా ఏర్పడిన ఆ గోధుమరంగు పొర నాణేన్ని కాపాడే కవచం. ఒకసారి పోతే దాన్ని ఎవరూ తిరిగి తేలేరు. సేకర్తలు తోమిన నాణేన్ని చూడగానే గుర్తుపడతారు, ధర కూడా అక్కడే పడిపోతుంది.

శుభ్రం చేయడం కన్నా, దాచడం కన్నా ముందు చేయవలసిన పని ఒకటుంది. నాన్నగారు పెట్టిన అమరికను ఉన్నది ఉన్నట్టుగా నమోదు చేయండి. మూటలు విప్పి అన్నిటినీ ఒక పళ్ళెంలో పోసి, ‘రాగివి ఇటు, వెండివి అటు’ అని వేరుచేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. దయచేసి అలా చేయకండి. ఒకే మూటలో ఉన్న పది నాణేలు బహుశా ఒకేచోట, ఒకే వ్యక్తి దగ్గర ఆయనకు దొరికినవి కావచ్చు. మూటకు కట్టిన దారం, లోపల పెట్టిన చీటీ, ఆయన చేతిరాతలో ఉన్న ఒక ఊరి పేరు, నాణెం చుట్టిన పాత బిల్లు కాగితం అన్నీ సమాచారమే. నాణెం మీద ఉన్న సంగతి ఇంకో వందేళ్ళ తరువాతైనా చదువుకోవచ్చు. అది మీ ఇంటికి ఎలా వచ్చిందన్నది మాత్రం ఇప్పుడు అమ్మగారికి, మీ పెద్దవాళ్ళకు గుర్తున్నంతవరకే ఉంటుంది. అందుకే ప్రతి మూటను విప్పకముందు ఒక ఫొటో, విప్పాక ఒక ఫొటో తీయండి. మూటలకు 1, 2, 3 అని అంకెలు ఇవ్వండి. అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఏ మూట గురించి ఆవిడకు ఏమి గుర్తుందో అడిగి రాసుకోండి. ఈ పనికి ఒక ఆదివారం పూర్తిగా కేటాయించండి.

ఇక ఆకుపచ్చ సంగతి. రాగి, కంచు నాణేల మీద కనిపించే పచ్చదనం మూడు రకాలు. ఏది ఏదో తెలియకుండా చేయి పెడితే నష్టం.

మొదటిది గట్టిగా, లోహానికి అంటుకుని ఉండే ముదురు ఆకుపచ్చ పొర. గోటితో తాకినా రాలదు, జిగురుగా ఉండదు. ఇది పాతబడిన చిలుము. దీనివల్ల ప్రమాదం లేదు, అలాగే ఉంచండి. పురాతన నాణేలకైతే ఇదే అందం.

రెండవది మీ ఆల్బంలో ఉన్నది. పల్చగా, జిడ్డుగా, వేలికి అంటుకునేలా ఉంటుంది. ఇది నాణెం నుంచి పుట్టింది కాదు, ప్లాస్టిక్ నుంచి వచ్చింది. మెత్తగా మడతపడే ఆల్బం అరలు చాలావరకు పీవీసీతో చేసినవి. ఆ ప్లాస్టిక్ మెత్తగా ఉండడానికి కలిపిన నూనెలాంటి పదార్థం ఏళ్ళ తరబడి బయటికి ఊరుతూ ఉంటుంది. పీవీసీలోని క్లోరిన్ కూడా మెల్లగా ఆమ్లంగా మారి లోహాన్ని తింటుంది. మన ఎండాకాలపు వేడికి ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. రాగి మీద, వెండి మీద కూడా ఇది ఆకుపచ్చగానే కనిపిస్తుంది. ఆల్బంలోని నాణేలన్నిటినీ ఈ రోజే బయటికి తీయండి. ఏ అరలో ఏది ఉందో ఫొటో తీసుకున్నాకే సుమా. జిగురు ఇంకా పైపైనే ఉంటే అసిటోన్‌తో పోతుంది. గోళ్ళరంగు తుడిచే ద్రవం వేరు, అందులో సువాసన, నూనె, రంగు కలుపుతారు. ప్రయోగశాలల రసాయనాలు అమ్మే దుకాణంలో శుద్ధమైన అసిటోన్ అడగండి. గాజు గిన్నెలో పోసి, నాణేన్ని కాసేపు నాననిచ్చి, మరో గిన్నెలోని కొత్త అసిటోన్‌లో ముంచి తీసి, మెత్తని నూలు గుడ్డ మీద ఆరబెట్టండి. రుద్దవద్దు, బ్రష్షు వద్దు. అసిటోన్ లోహాన్ని ఏమీ చేయదు కానీ చాలా తేలికగా అంటుకుంటుంది. కిటికీలు తెరిచి, వంటగదికి, దీపానికి, అగరుబత్తికి దూరంగా, పిల్లలు లేనప్పుడు చేయండి. ప్లాస్టిక్ గిన్నె వాడితే అదే కరిగి నాణేనికి అంటుకునే ప్రమాదం ఉంది. జిగురు కింద లోహం అప్పటికే గుంటలు పడి ఉంటే ఆ గుంటలు మిగిలిపోతాయి. కానీ నష్టం అంతటితో ఆగుతుంది.

మూడవది అన్నిటికన్నా చెడ్డది. లేత ఆకుపచ్చ పొడి చుక్కలు చుక్కలుగా పైకి ఉబికి వస్తుంది. దులిపితే రాలిపోతుంది, కొన్ని రోజులకు మళ్ళీ అక్కడే పుడుతుంది. నాణెంలో ఇరుక్కున్న క్లోరైడు లవణాలు తేమ తగిలినప్పుడల్లా లోహాన్ని తింటున్నాయన్నమాట. మట్టిలోంచి తీసిన పాత నాణేలకు ఇది ఎక్కువగా వస్తుంది. ఇలాంటిది కనిపిస్తే వెంటనే వేరే డబ్బాలో పెట్టి, బాగా పొడిగా, 35 శాతం కన్నా తక్కువ తేమలో ఉంచండి. దీనికి చికిత్స ఇంట్లో చేయదగినది కాదు. పాత వస్తువుల సంరక్షణలో అనుభవమున్నవారికి చూపించండి.

వ్రతాల్లో వాడిన వెండి రూపాయలకు పసుపు, కుంకుమ అంటి ఉండడం మన ఇళ్ళలో మామూలే. పొడిగా ఉన్నదాన్ని రబ్బరు బల్బుతో గాలి ఊది వదిలించండి. పసుపు మరక మీకు ఇబ్బందిగా ఉంటే అసిటోన్ దాన్ని చాలావరకు తీస్తుంది. నేనైతే తీయను. ‘వరలక్ష్మీ వ్రతంలో పెట్టిన రూపాయి’ అని చీటీలో రాసి అలాగే ఉంచుతాను. కాసులపేరు నుంచి విడివడిన నాణేలకు కొక్కెం టంకం పెట్టి ఉంటే దాన్ని కూడా ఊడదీయించవద్దు. కొక్కెం తీశాక మిగిలే మచ్చ కొక్కెం కన్నా వికారంగా ఉంటుంది.

నాణేన్ని ఎప్పుడూ అంచులు పట్టుకునే ఎత్తండి. బొమ్మ మీద, బొరుసు మీద వేలు పడితే చెమటలోని ఉప్పు అక్కడే ఉండిపోయి, కొంతకాలానికి వేలిముద్ర గోధుమరంగు మచ్చగా తేలుతుంది. బల్ల మీద మందపాటి మెత్తని గుడ్డ పరచుకుని దాని మీదే పని చేయండి. నూలు చేతితొడుగులు వేసుకుంటే నాణెం జారుతుంది. పొడి పూయని నైట్రైల్ తొడుగులు మేలు. నాణెం మీదికి వంగి మాట్లాడవద్దు, ఉమ్మి తుంపర పడిన చోట తరువాత నల్లచుక్క మిగులుతుంది.

ఇప్పుడు దేనిలో పెట్టాలన్నది. నాకు అన్నిటికన్నా నచ్చేవి రెండంగుళాల చదరపు అట్ట హోల్డర్లు. మధ్యలో గుండ్రని కిటికీ ఉండి, దానికి పలుచని పాలిస్టర్ పొర ఉంటుంది. మైలార్ అని అడిగితే దుకాణదారులకు తెలుస్తుంది. నాణేన్ని మధ్యలో పెట్టి, మడిచి, మూడు వైపులా స్టేపుల్ కొడతారు. తనే అంటుకునే రకం కూడా దొరుకుతుంది, కానీ మే నెలలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్ళో జిగురు కరిగి లోపలికి పాకే అవకాశం ఉంది కాబట్టి స్టేపుల్ రకమే ఎంచుకోండి. స్టేపుల్ కాళ్ళను పట్టకారుతో నొక్కి చదును చేయకపోతే పక్క హోల్డర్‌లోని నాణేన్ని గీకుతాయి. నాణెం తీయవలసి వస్తే ముందు స్టేపుళ్ళన్నీ తీసేయాలి, పక్కనుంచి లాగితే గీత పడుతుంది. కిటికీ కొలత నాణెం కన్నా కొంచెం పెద్దది ఉండాలి. పాత వెండి రూపాయి వ్యాసం 30 మి.మీ. పైనే ఉంటుంది కాబట్టి 32.5 మి.మీ. కిటికీ సరిపోతుంది. విలువైనవనుకున్న పది, పదిహేను నాణేలకు గట్టి అక్రిలిక్ క్యాప్సూళ్ళు కొనండి. అన్నిటికీ అవసరం లేదు.

ఏ ప్లాస్టిక్ మంచిదో తెలుసుకోవడానికి అడుగున త్రికోణంలో ఉండే అంకె చూడండి. 3 ఉంటే పీవీసీ, వద్దు. 1, 2, 4, 5 నాణేలకు హాని చేయవు. 5 అంటే పాలీప్రొపిలీన్, వంటింట్లో మూత బిగుసుకునే గాలి చొరబడని డబ్బాలు ఎక్కువగా దానితోనే చేస్తారు. హోల్డర్లను నిలువుగా పేర్చడానికి అవే డబ్బాలు చాలా బాగా పనికివస్తాయి, బేగంబజార్‌లో అన్ని కొలతల్లోనూ దొరుకుతాయి. అంకె లేని ప్లాస్టిక్ అయితే వాసన చూడండి. కొత్త రెగ్జిన్ సీటు వాసన వస్తే కొనవద్దు.

వాడకూడనివి ఇంకా కొన్ని ఉన్నాయి. రబ్బరు బ్యాండ్లలో గంధకం ఉంటుంది, వెండిని నల్లగా చేస్తుంది. ఉన్ని గుడ్డ కూడా అంతే. పత్రిక కాగితంలో ఆమ్లం ఉంటుంది, సిరా అంటుకుంటుంది. పట్టుచీరల మధ్య వేసే కలరా ఉండల ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది కాబట్టి నాణేల డబ్బాను చీరల అరలో పెట్టవద్దు. తేమ పీలుస్తుందని బియ్యం వేసేవాళ్ళున్నారు. బియ్యంతో దుమ్ము, పురుగు వస్తాయే తప్ప నాణేలకు మేలు జరగదు.

చెక్క పెట్టె అందంగా ఉంటుంది, నాన్నగారి సేకరణకు తగినదిగా కూడా అనిపిస్తుంది. అయినా వద్దంటాను. చెక్క నుంచి, ముఖ్యంగా ప్లైవుడ్, ఎండీఎఫ్ పలకల నుంచి ఆమ్లపు ఆవిరులు ఏళ్ళ తరబడి వస్తూనే ఉంటాయి. మూసి ఉన్న అరలో అవి పేరుకుపోతాయి. దీనికి అన్నిటికన్నా ముందు బలయ్యేది సీసం. తెలంగాణలో పాత నాణేలు సేకరించిన వారి దగ్గర శాతవాహనుల సీసపు నాణేలు ఉండే అవకాశం ఎక్కువ. కోటిలింగాల, పెద్దబంకూరు, కొండాపూర్ వంటి చోట్ల సీసం, రాగి, పోటిన్ (రాగి, తగరం, సీసం కలిసిన మిశ్రమ లోహం) నాణేలు బయటపడ్డాయి. మీ మూటల్లో మెత్తగా, బరువుగా, బూడిదరంగులో ఉన్న చిన్న ముక్కలు కనిపిస్తే, వాటి మీద ఏనుగో, చెట్టో, విల్లో ఉందేమో చూడండి. సీసపు నాణెం మీద తెల్లని పొడి కనిపిస్తోందంటే ఆమ్లపు ఆవిరి దాన్ని తింటోందని అర్థం. అలా వదిలేస్తే మొత్తం పిండిగా మారిపోతుంది. వీటిని చెక్కలోనే కాదు, అట్ట హోల్డర్లలో కూడా పెట్టవద్దు. పాలిస్టర్ లేదా పాలీప్రొపిలీన్ కవర్లలో విడివిడిగా ఉంచండి. సీసం విషం కాబట్టి ఆ పొడిని ఊదవద్దు, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి, పిల్లలకు ఇవ్వవద్దు.

మిగతా లోహాల సంగతి తేలిక. స్టీలు, రాగి-నికెల్ నాణేలు మొండివి, పొడిగా ఉంటే చాలు. 1964లో వచ్చిన మూడు పైసల నాణెం, ఆ తరువాత అల్యూమినియంతో వచ్చిన రెండు పైసలు, అయిదు పైసలు, 1982 నాటి ఆరు పలకల ఇరవై పైసలు అల్యూమినియంవి. తేలికగా గీతలు పడతాయి. వాటిని రాగి నాణేలతో కలిపి ఒకే సంచిలో వేస్తే, తేమ తగిలినప్పుడు రెండు లోహాల మధ్య రసాయన చర్య మొదలై అల్యూమినియం గుంటలు పడుతుంది. వెండికి శత్రువు గాలిలోని గంధకం. మురుగు కాలువ దగ్గరి ఇళ్ళలో, వంటగది పక్కన, పూజ గదిలో అగరుబత్తి పొగ తగిలేచోట వెండి త్వరగా నల్లబడుతుంది. సమంగా ఏర్పడిన నలుపు ఉంటే ఉండనివ్వండి. ప్రభుత్వ టంకశాలల నుంచి పెట్టెతో కొన్న స్మారక నాణేల సెట్లు ఉంటే క్యాప్సూలు తెరవకుండా, ధ్రువపత్రంతో పాటే ఉంచండి.

హైదరాబాద్ వాతావరణం నాణేలకు సగం మిత్రుడు, సగం శత్రువు. ఎండాకాలంలో గాలి పొడిగా ఉంటుంది, సముద్రతీరపు ఉప్పుగాలి బెడద మనకు లేదు. జులై నుంచి సెప్టెంబరు దాకా మాత్రం తేమ తరచుగా 70 శాతం దాటుతుంది. డబ్బా లోపల 40 శాతం దగ్గర ఉండాలని నా లెక్క. తేమను చూపే చిన్న డిజిటల్ మీటరు తక్కువ ధరకే దొరుకుతుంది, దాన్ని డబ్బాలోనే పెట్టండి. సిలికా జెల్ పొట్లాలు తప్పనిసరి. నారింజ రంగు గుళికలు కొనండి, తేమ పీల్చాక రంగు మారుతుంది కాబట్టి ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది. నీలం రంగువాటిలో కోబాల్టు లవణం ఉంటుంది, ఇంట్లో వద్దు. రంగు మారిన గుళికలను ఓవెన్‌లో 110–120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు వేడిచేస్తే మళ్ళీ పనికివస్తాయి. రెండు లీటర్ల డబ్బాకు యాభై గ్రాములు ధారాళంగా సరిపోతాయి. మూత సరిగా బిగియని డబ్బాలో ఎన్ని గ్రాములు వేసినా ప్రయోజనం లేదు, అది ఇంట్లోని గాలిని పీలుస్తూ రెండు రోజుల్లో నిండిపోతుంది. డబ్బా మూసే పని ఎండాకాలంలో, పొడిగా ఉన్న మధ్యాహ్నం పెట్టుకుంటే సగం పని గాలే చేసిపెడుతుంది.

ఆ డబ్బాలను ఇనుప బీరువాలో, నడుము ఎత్తు అరలో పెట్టండి. స్నానాలగది గోడకు ఆనుకున్న బీరువా వద్దు. బయటి గోడకు వానాకాలంలో చెమ్మ పడుతుంటే అక్కడా వద్దు. అటక మీద మే నెలలో వేడి భరించలేనంతగా ఉంటుంది. కింది అంతస్తులో ఉండేవారు అడుగు అర కూడా మానుకోవాలి. 2020 అక్టోబరు వానలకు నగరంలో ఎన్ని కాలనీల ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయో మీరు చూసే ఉంటారు.

ఇక చీటీల విషయం. దీని మీద ఎంత శ్రద్ధ పెడితే అంత మంచిది. ప్రతి నాణేనికి ఒక సంఖ్య ఇవ్వండి. సంవత్సరం, దాని పక్కన వరుస అంకె సరిపోతుంది. 2025లో నమోదు చేసిన పద్నాలుగో నాణెం 2025-014 అవుతుంది. ఆ సంఖ్యలో రాజు పేరు, లోహం, డబ్బా అంకె ఇరికించాలని చూడకండి. రేపు మీరు రాజ్యాలవారీగా కాకుండా లోహాలవారీగా సర్దుకోవాలనుకుంటే సంఖ్యలన్నీ తారుమారవుతాయి. సంఖ్య మారకూడదు, నాణెం ఎక్కడికైనా మారవచ్చు. ఒకదాన్ని అమ్మినా, ఎవరికైనా ఇచ్చినా ఆ సంఖ్యను ఇంకోదానికి వాడవద్దు. రిజిస్టరులో ఆ వరుస అలాగే ఉంచి ‘ఫలానా రోజున ఇచ్చాను’ అని రాయండి.

ఉదాహరణకు ఒక హాలీ రూపాయికి (నిజాంల హైదరాబాద్ రాజ్యపు రూపాయి) నేను ఇలా రాస్తాను:

2025-014
హైదరాబాద్ రాజ్యం, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్
ఒక రూపాయి, వెండి
హిజ్రీ 1337 (క్రీ.శ. 1918–19)
11.15 గ్రా., 30 మి.మీ.
నాన్నగారి 3వ మూట

హోల్డర్ మీద ఇంతే పడుతుంది. మిగతాది రిజిస్టరులో రాయాలి: అంచు ఎలా ఉంది, ఎక్కడెక్కడ దెబ్బలున్నాయి, ఎవరి దగ్గర, ఎంతకు కొన్నారు, అమ్మగారు ఏమి చెప్పారు, ఏ కేటలాగు సంఖ్యతో సరిపోల్చారు, అసిటోన్‌లో ముంచారా లేదా. తెలియని గడి ఖాళీగా వదలండి. ఊహించి రాయవలసి వస్తే పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. ‘నాన్నగారు చెప్పారు’, ‘నేను చదివి గుర్తించాను’, ‘దుకాణదారు అన్నాడు’ అన్న తేడా కూడా రాయండి. ఇరవై ఏళ్ళ తరువాత ఆ రిజిస్టరు తెరిచే మీ పిల్లలకు ఏ మాటను ఎంత నమ్మాలో దాన్నిబట్టే తెలుస్తుంది.

సంవత్సరం రాసేటప్పుడు నాణెం మీద ఉన్నది ఉన్నట్టుగా ముందు రాసి, క్రీస్తుశకాన్ని బ్రాకెట్లో రాయండి. నిజాం నాణేల మీద ఉండేది హిజ్రీ సంవత్సరం. దాన్ని 0.97తో హెచ్చించి 622 కలిపితే దాదాపుగా క్రీస్తుశకం వస్తుంది. 1337కు లెక్కవేస్తే 1918.9 వస్తుంది, అంటే 1918–19. ఇంట్లోని పాత కాగితాల్లో కనిపించే ఫసలీ (భూమిశిస్తు లెక్కలకు వాడిన) సంవత్సరం వేరు, రెండిటినీ కలపవద్దు. నిజాం నాణేల మీది అరబిక్ అంకెల్లో సున్న ఒక చుక్కలా, అయిదు తలకిందులు చేసిన హృదయంలా ఉంటుందని గుర్తుపెట్టుకుంటే చదవడం తేలికవుతుంది. ఏలిన సంవత్సరం, అంటే రాజు పాలనలో అది ఎన్నో ఏడాది అన్నది కూడా విడిగా ఉంటుంది, చదవగలిగితే అదీ రాయండి. చార్మినార్ బొమ్మ ఉన్న రూపాయల్లో ద్వారం మధ్యలో ఉన్న అక్షరాన్ని భూతద్దంతో చూడండి. మహబూబ్ అలీ ఖాన్ కాలం నాటిదైతే మీమ్ (م), ఉస్మాన్ అలీ ఖాన్‌దైతే ఐన్ (ع) అనే ఉర్దూ అక్షరం ఉంటుంది.

ఒక చిన్న డిజిటల్ తూకం కొనండి, 0.01 గ్రాము వరకు చూపేది. గుర్తింపులో అది చేసేంత సాయం మరేదీ చేయదు. హాలీ రూపాయి 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. మన పెద్దలు కల్దార్ అని పిలిచిన బ్రిటిష్ ఇండియా రూపాయి 11.66 గ్రాములు, అంటే సరిగ్గా తులం, వెండి 91.7 శాతం. 1940 నుంచి దాన్ని 50 శాతానికి తగ్గించారు. 1947 నాటి రూపాయి నికెల్‌ది, వెండి కాదు. అరిగిన నాణెం కొంచెం తగ్గుతుంది కానీ గ్రాము, రెండు గ్రాములు తేడా వచ్చిందంటే అనుమానించాలి. పాతబస్తీలో, ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ల మీద అమ్మే నకిలీ ‘పాత వెండి రూపాయలు’ చాలావరకు తూకం దగ్గరే దొరికిపోతాయి.

స్వాతంత్ర్యానంతర నాణేలకు సంవత్సరం కింద ఉండే టంకశాల గుర్తును తప్పక రాయండి. చిన్న నక్షత్రం ఉంటే మన హైదరాబాద్‌ది, వజ్రం ఆకారం ముంబైది, గుండ్రని చుక్క నోయిడాది, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది. అన్ని కాలాల్లోనూ ఇవే గుర్తులు లేవు కాబట్టి వేరే గుర్తు కనిపిస్తే ఉన్నదాన్ని బొమ్మగా గీసిపెట్టండి. హైదరాబాద్ టంకశాల 1803లో సికందర్ జా కాలంలో మొదలైంది, 1903లో సైఫాబాద్‌కు మారింది, 1997 నుంచి చర్లపల్లిలో ఉంది. సైఫాబాద్ పాత భవనంలో 2022లో మ్యూజియం తెరిచారు. అక్కడికీ, పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియానికీ ఒకసారి వెళ్ళి, అద్దాల వెనక చీటీలు ఎలా రాశారో, ఏ క్రమంలో అమర్చారో చూసి రండి. మీ మూటల్లోని కొన్నిటిని అక్కడే గుర్తుపడతారు.

చీటీని నాణెం పెట్టకముందే రాయాలి. నాణెం లోపల ఉండగా పైన పెన్ను నొక్కి రాస్తే ఒత్తిడి దాని మీద పడుతుంది. హెచ్‌బీ పెన్సిల్ కానీ, నీటికి చెదరని పిగ్మెంట్ సిరా పెన్ను కానీ వాడండి. మామూలు జెల్ పెన్ను చెమట చేతికే అలుక్కుపోతుంది. అంటించే స్టిక్కర్లు, సెలోటేపు మన వేడికి పసుపుపచ్చబడి ఊడిపోతాయి, ఊడిన స్టిక్కరు ఏ నాణేనిదో ఎవరికీ తెలియదు. నాన్నగారి పాత చీటీలను చింపవద్దు, అవి చదవడానికి వీల్లేనంతగా ఉన్నా సరే. వాటిని విడిగా పాలిస్టర్ కవర్లో పెట్టి, అదే సంఖ్య రాసి దాచండి. ఆమ్లం ఉన్న పాత కాగితం నాణేనికి తగలకుండా ఉంటే చాలు.

రిజిస్టరు గట్టి అట్ట ఉన్న పుస్తకంలో చేత్తో రాయండి, దాన్నే కంప్యూటర్‌లో పట్టికగా ఎక్కించండి. బొమ్మ, బొరుసు ఫొటోల ఫైళ్ళకు కూడా అదే సంఖ్య పేరుగా పెట్టండి. రిజిస్టరును నాణేలున్న బీరువాలో ఉంచవద్దు. దొంగతనమో, అగ్నిప్రమాదమో జరిగితే రెండూ ఒకేసారి పోకూడదు కదా.

భద్రత గురించి రెండు మాటలు. ఫోనుతో తీసిన ఫొటోల్లో ఇంటి చిరునామా తెలిపే లొకేషన్ వివరం దాగి ఉంటుంది, ఎవరికైనా పంపే ముందు దాన్ని తీసేయండి. వెండి, బంగారు నాణేలను బ్యాంకు లాకరులో పెట్టదలిస్తే అక్కడ కూడా గాలి చొరబడని డబ్బా, సిలికా జెల్ ఉండాల్సిందే. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 2022 జనవరి నుంచి లాకరులో అగ్నిప్రమాదం, దొంగతనం, సిబ్బంది మోసం వంటివి జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే. అందువల్ల అంతకన్నా విలువైనవి ఉంటే బీమా సంస్థను నాణేల సేకరణకు వర్తిస్తుందా అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

మొదటి నెలలో వారానికొకసారి డబ్బాలు తెరవకుండా బయటినుంచే మీటరు చూడండి. తరువాత వానాకాలానికి ముందు ఒకసారి, దసరా తరువాత ఒకసారి మొత్తం తీసి పరిశీలిస్తే సరిపోతుంది. అంతకన్నా ఎక్కువసార్లు తాకడం మంచిది కాదు.

తమ్ముడి వాటా గురించి. నూరేళ్ళు దాటిన నాణేలు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. వాటిని వ్యక్తులు దేశం దాటించడం నేరం. సూట్‌కేసులో పెట్టుకున్నా, కొరియర్‌లో పంపినా, ఇంటి వారసత్వమని చెప్పినా మినహాయింపు లేదు. శాతవాహనుల సీసపు ముక్కలే కాదు, 1918 నాటి ఆ హాలీ రూపాయి కూడా ఇందులోకే వస్తుంది. వ్యాపారంగా అమ్మడానికి కూడా లైసెన్సు ఉండాలి. ఇంకో సంగతి, నాన్నగారి చీటీల్లో ఎక్కడైనా ‘పొలంలో దొరికింది’ అని ఉంటే, భూమిలో దాగి ఉండి దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. అలాంటి చీటీ కనిపిస్తే దాచిపెట్టకుండా న్యాయవాదిని సంప్రదించండి. తమ్ముడికి ఇవ్వదలచినవి నూరేళ్ళు నిండని నాణేల్లోంచి ఎంచండి. అణాలు, చిల్లు కానీలు, 1957 ఏప్రిల్ 1న మొదలైన నయాపైసలు ఆయనకు చిన్ననాటి నుంచి తెలిసినవే అయి ఉంటాయి. నూరేళ్ళు దాటినవాటిలో ఆయన వాటా ఏవో రిజిస్టరులో ఆయన పేరుతో రాసి, రిజిస్టరు ప్రతిని, ఫొటోలను ఆయనకు పంపండి. నాణేలు మాత్రం మీ బీరువాలోనే ఉండాలి.